ఇసుక జల్లెడలో పాతకాలపు దంతం కనిపిస్తే ఎవరికి చెప్పాలి? గోదావరి జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

గోదావరి జిల్లాల్లో ఇసుక, గనులు, నీటిపారుదల, పురావస్తు వ్యవహారాలు చూసే అధికారులకు. డెంటల్ కాలేజీల పెద్దలకు. నదిలోంచి ఇసుక తీసే ర్యాంపుల మీద పనిచేసే పడవ సంఘాల వారికి

నమస్కారం.

ఇసుకలో, క్వారీ మట్టిలో, కాలువ తవ్వకాల్లో బయటపడే పాతకాలపు పళ్ళను ఏం చేయాలో ఒక పద్ధతి పెట్టమని ఇదివరకే ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు. జవాబు లేదు. మళ్ళీ అడిగితే అది తమ శాఖ కిందికి రాదన్నారు. ఏ శాఖ కిందికి వస్తుందో మాత్రం చెప్పలేదు. అందుకే ఈసారి అందరికీ కలిపి, జనం కూడా చదివేలా రాస్తున్నాం. మేం ఈ జిల్లాల్లో భూగర్భశాస్త్రం, పురావస్తుశాస్త్రం, దంతవైద్యం పాఠాలు చెప్పుకునేవాళ్ళం.

పన్ను గురించి ఇంత గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. మన వేడికీ తేమకీ ఎముక వేల ఏళ్ళు ఆగడం కష్టం. పంటి మీది ఎనామిల్ ఆగుతుంది. అందులో సుమారు 96 శాతం ఖనిజమే, ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం ఇంకోటి లేదు. పైగా ఎముక బతికినన్నాళ్ళూ అరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది కానీ ఎనామిల్ ఒకసారి ఏర్పడ్డాక ఇక మారదు. మొదటి శాశ్వత దవడ పన్ను పైభాగం పుట్టే వేళకు మొదలై మూడేళ్ళకల్లా తయారవుతుంది. జ్ఞానదంతం పైభాగం సుమారు ఎనిమిదేళ్ళకు మొదలై పన్నెండు, పదహారేళ్ళ మధ్య పూర్తవుతుంది. అంటే ఒకే దవడలో రెండు పళ్ళు దొరికితే ఆ మనిషి పసితనంలో ఏ నేల మీద పెరిగాడో, పది పన్నెండేళ్ళప్పుడు ఎక్కడ తిరిగాడో రెండూ విడివిడిగా చదవొచ్చు.

చదివేది స్ట్రాన్షియం అనే మూలకపు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న రూపాల) నిష్పత్తిని బట్టి. పాత గ్రానైట్, నైస్ రాళ్ళ నేలలో 87, 86 స్ట్రాన్షియంల నిష్పత్తి ఎక్కువ, లావా గడ్డకట్టిన బసాల్ట్ నేలలో తక్కువ, సముద్రపు నీటిలో ఈనాడు 0.7092. తాగిన నీళ్ళ నుంచి, తిన్న తిండి నుంచి అది పంటిలోకి చేరుతుంది. దక్షిణాఫ్రికాలో స్టెర్క్‌ఫాంటైన్, స్వార్ట్‌క్రాన్స్ గుహల్లో దొరికిన, సుమారు 20 లక్షల ఏళ్ళనాటి ఆదిమానవుల పళ్ళను ఇలా పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. చిన్న పళ్ళవాళ్ళు, అంటే ఆడవాళ్ళు అనుకోదగినవాళ్ళు, ఎక్కువగా వేరే నేల మీద పెరిగి అక్కడికి వచ్చినవాళ్ళు. పెద్ద పళ్ళవాళ్ళు ఎక్కువమంది అక్కడివాళ్ళే.

ఈ పద్ధతికి గోదావరి అంత అనుకూలమైన నది అరుదు. 1,465 కిలోమీటర్ల దారిలో నాసిక్ వైపు బసాల్ట్, తెలంగాణలో గ్రానైట్, ప్రాణహిత దగ్గర ఇసుకరాయి, పాపికొండల్లో ఖోండలైట్ అనే రాయి, చివరికి ఒండ్రు. రాయి మారినప్పుడల్లా పంటిలో గుర్తు మారుతుంది.

ఇక దేశం సంగతి. 1982 డిసెంబరు 5న నర్మద ఒడ్డున హత్నోరాలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ శాస్త్రవేత్త అరుణ్ సోనకియాకు పాతరాతియుగపు మనిషి పుర్రె పైభాగం దొరికింది. దానితో పళ్ళు లేవు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో 15 లక్షల ఏళ్ళనాటి రాతి పనిముట్లున్నాయి. మన కర్నూలు సీమ జ్వాలాపురంలో 74 వేల ఏళ్ళ కిందటి టోబా అగ్నిపర్వత బూడిద పొరకు కిందా పైనా కూడా పనిముట్లు దొరికాయి. వాటిని చేసినవాళ్ళు మనలాంటి మనుషులేనా, ఇంకెవరైనానా? పనిముట్టు ఆ మాట చెప్పదు. ఆఫ్రికా నుంచి మన పూర్వీకులు టోబాకు ముందే వచ్చారా, ఆ తర్వాత సుమారు 60 వేల ఏళ్ళ కిందట వచ్చారా అన్న తగాదా ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. కాలం కచ్చితంగా తెలిసిన ఒక్క పన్ను ఇక్కడ దొరికినా ఆ వాదన తీరే మారిపోతుంది.

ఇక దొరికిన పన్ను ఎలా పాడవుతుందో, అందువల్ల ఏం నష్టమో వరసగా చెబుతాం.

1. చోటు పోతే పన్ను పోయినట్టే. సుమత్రా దీవిలో లిడా అజెర్ గుహ నుంచి నెదర్లాండ్స్ శాస్త్రవేత్త యూజీన్ డ్యుబోవా 19వ శతాబ్దం చివర్లో రెండు పళ్ళు తెచ్చాడు. అవి మన జాతి మనుషులవేనని 1948లో తేల్చారు. కానీ వయసు తెలియదు, గుహ ఎక్కడో తెలియదు. నూరేళ్ళకు పైగా నెదర్లాండ్స్ మ్యూజియం డ్రాయరులోనే ఉండిపోయాయి. ఆయన నోటుబుక్కులో వేసిన గుహ బొమ్మ, రాసుకున్న వివరాలు ఆధారంగా గుహను మళ్ళీ వెతికి పట్టుకున్నాక, 2017లో అవి 63 వేల నుంచి 73 వేల ఏళ్ళ మధ్యవని లెక్క తేలింది. ఆ నోటుబుక్కు పేజీలు లేకపోతే అవి ఇప్పటికీ ఊరూపేరూ లేని రెండు పళ్ళే. మన ర్యాంపు మీద దొరికిన దానికి అంతపాటి పేజీ రాసేవాళ్ళు ఎవరు?

2. పొర తెలిసినా మోసపోవచ్చు. దక్షిణ చైనా హునాన్‌లో ఫుయాన్ గుహలో దొరికిన 47 పళ్ళు 80 వేల నుంచి 1,20,000 ఏళ్ళవని 2015లో ప్రకటించారు. వయసు కట్టింది పళ్ళకు కాదు, వాటి చుట్టూ ఉన్న సున్నపు పొరలకు. 2021లో మరో బృందం అక్కడి పళ్ళనే నేరుగా పరీక్షించి 16 వేల ఏళ్ళు కూడా దాటవంది. మొదటి బృందం ఒప్పుకోలేదు. గుహల్లో నీరు పాత మట్టిని కోసి, కొత్త వస్తువును కిందికి దింపుతుంది. నదిలో ఈ పని నిత్యం జరుగుతుంది. అందుకే పన్నుతోపాటు దాని చుట్టుపక్కల మట్టి కూడా కావాలి. రేడియేషన్ ఆధారంగా కట్టే వయసులో చుట్టూ సుమారు 30 సెంటీమీటర్ల మేర మట్టి నుంచి వచ్చే గామా కిరణాల వాటా ఉంటుంది. మట్టి లారీ ఎక్కి వెళ్ళిపోయాక ఆ లెక్క ఊహే.

3. పంది పన్నును మనిషి పన్ను అనుకోవడం మహామహులకే జరిగింది. అమెరికాలో నెబ్రాస్కాలో దొరికిన ఒక్క పన్నును చూసి 1922లో కొత్త రకం వానరమానవుడని పేరు కూడా పెట్టేశారు. 1927కల్లా అది పందిని పోలిన పెకరీ పన్నని ఒప్పుకున్నారు. అరిగిన పంది దవడ పన్ను మనిషిదానిలాగే బొడిపెలతో ఉంటుంది. ఫోటో వాట్సాప్‌లో పెట్టి "లక్ష ఏళ్ళ మనిషి" అని ప్రచారం చేసేవాళ్ళను ఆపాలన్నా చూసి చెప్పే మనిషి ఒకరు ఉండాలి కదా.

4. అమ్ముడుపోతే అంతే సంగతులు. చైనాలో శిలాజ పళ్ళను నూరి మందుగా అమ్మేవారు. జైగాంటోపిథెకస్ అనే మహా వానరం తొలి పన్ను 1935లో దొరికింది హాంకాంగ్ మందుల కొట్లోనే. ఏ గుహ నుంచి వచ్చిందో కొట్టువాడికీ తెలియదు. తాయెత్తుకో, షోకేసుకో పళ్ళు అమ్ముకోవడం మన దగ్గర అలవాటు కాకముందే అడ్డుకోవడం తేలిక.

5. కోనసీమ ఒండ్రులో ఆదిమానవుల పళ్ళు దొరుకుతాయని మేం చెప్పడం లేదు. డెల్టా పైమట్టి చాలా కొత్తది. సుమారు 20 వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు దిగువన ఉండేది. తీరం వెంబడి నడిచి వచ్చినవాళ్ళు అప్పటి ఒడ్డున మజిలీ చేసి ఉంటే ఆ చోట్లు ఇవాళ నీళ్ళ కింద ఉన్నాయి. వెతకాల్సింది మెట్ట ప్రాంతపు గ్రావెల్ క్వారీల్లో, పోలవరం కాలువలు కోసిన గట్టు ముఖాల్లో, పాపికొండల లోయలో నదికి ఎత్తున ఉన్న పాత గులకరాళ్ళ మెట్లలో, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ముతక ఇసుకలో. ఎగువ గోదావరి ఒండ్రులో అంతరించిన పెద్ద ఏనుగు శిలాజం గురించి 1905లోనే అచ్చయింది. మంజీర లోయలో నీటి ఏనుగుల శిలాజాలు కూడా దొరికాయి. జంతువు పన్ను దొరికినా మాకు అంతే విలువ. ఎనామిల్‌లోని కార్బన్ చూస్తే అప్పట్లో ఇక్కడ గడ్డి మైదానాలా, అడవులా తెలుస్తుంది. శ్రీలంకలో వాన అడవుల్లో మనుషులు వేల ఏళ్ళ కిందటే అడవి తిండి మీద బతికారని 2015లో తేల్చింది ఇదే పద్ధతి. అన్నట్టు, పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో నల్లరాతి పొరల మధ్య దొరికే గవ్వలు, నత్తలు సుమారు 6.6 కోట్ల ఏళ్ళవి. వాటికీ మనిషికీ సంబంధం లేదు, రెంటినీ కలపకండి.

6. నదిలో దొరికే మనిషి పళ్ళలో నూటికి తొంభై తొమ్మిది ఇటీవలివే అయి ఉంటాయి. రాజమహేంద్రవరం రేవుల్లో అస్థికలు కలపని రోజు ఉండదు. కాలిన పన్నును గుర్తుపట్టడం తేలిక: వేడికి ఎనామిల్ చిట్లి ఊడిపోతుంది, తెల్లగానో బూడిద రంగులోనో పగుళ్ళు పట్టిన వేరు మిగులుతుంది. అలాంటిది తిరిగి నదిలోకే గౌరవంగా చేరాలి. సిమెంటు పూడిక, రూట్ కెనాల్, క్యాపు కనిపిస్తే పోలీసులకు చెప్పాల్సిందే, అది కనపడకుండా పోయిన ఎవరి ఆనవాలో కావచ్చు. ఇక నల్లగా ఉన్నంత మాత్రాన పాతదని కాదు. మాంగనీసు ఉన్న నీళ్ళలో కొద్ది ఏళ్ళకే పన్ను నల్లబడుతుంది. ఈ మూడింటినీ వేరుచేసేవాళ్ళు లేక అన్నీ ఒకే భయంతో నీళ్ళలోకి వెళ్తున్నాయి.

7. ఆ భయం న్యాయమైనదే. పడవ మీద బొచ్చెతో ఇసుక తోడే మనిషికి పన్ను కనిపిస్తే ముందు గుర్తొచ్చేది పోలీసు స్టేషను. కేసు పెడతారేమో, ర్యాంపు ఆపేస్తారేమో, ఆ రోజు కూలి పోతుందేమో. క్వారీ యజమానికి లీజు భయం, పొలం రైతుకు భూమి పోతుందన్న భయం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు తెలపాలంటుంది. పన్ను విలువ పది రూపాయలు దాటుతుందో లేదో ఎవరు చెప్పాలి? శిలాజాల కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లు పెట్టి అభిప్రాయాలు అడిగింది. చట్టం వచ్చేదాకా జిల్లాలో ఒక సర్క్యులర్ ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

ఇంతలో మన పిల్లలు చైనా పళ్ళ గురించి, లావోస్ పళ్ళ గురించి చదువుతారు. లావోస్‌లో కోబ్రా గుహలో దొరికిన ఒక్క దవడ పన్ను 1,31,000 నుంచి 1,64,000 ఏళ్ళ మధ్యదని 2022లో ప్రకటించారు. ఆ వేడిలో డీఎన్‌ఏ ఆశ పెట్టుకోలేదు, ఎనామిల్‌లో మిగిలిన ప్రోటీన్లు చూసి అది ఆడపిల్లదని చెప్పగలిగారు. అంతరించిపోయిన డెనిసోవన్ అనే ఆదిమానవ జాతిది కావచ్చని ఆకారం సూచిస్తోంది. మన వాతావరణం కూడా అలాంటిదే. అక్కడ పని చేసిన పద్ధతి ఇక్కడా పని చేయాలి. కాకపోతే ఒట్టి చేత్తో పది మంది తడిమి, బ్రష్షుతో తోమి, ఫెవిక్విక్ అంటించిన పన్నులో ప్రోటీన్ వెతకడం వృథా శ్రమ.

మా కోరికలివి.

8. జల్లెడ దగ్గర మొదలుపెట్టండి. ఇంటి పనికి ఇసుక జల్లించేటప్పుడు గుండ్రాళ్ళు పైన మిగులుతాయి. కాంక్రీటులో వాడే ఇసుకకు ప్రమాణం 4.75 మిల్లీమీటర్ల జల్లెడ. మనిషి దవడ పన్ను వెడల్పే 10 మిల్లీమీటర్లు ఉంటుంది, వేరుతో కలిపి పొడవు 20 దాకా. అంటే డెల్టాలో కట్టే ప్రతి ఇంటి ముందూ పళ్ళను పట్టే జల్లెడ ఇప్పటికే నడుస్తోంది. ఆ గుండ్రాళ్ళు పునాదిలోకి పోసేముందు ఒక్కసారి పరచి చూడమని మేస్త్రీలకు చెప్పడమే మిగిలింది. ఒక నిమిషం పని.

9. ప్రతి ర్యాంపుకు, క్వారీకి, కాలువ పని చోటుకు ఒక పెట్టె ఇవ్వండి: గ్లౌజులు, అల్యూమినియం ఫాయిల్, తెల్ల కాగితం కవర్లు, పెన్సిల్, ఆరంగుళాల స్కేలు, అచ్చువేసిన చీటీలు. వెయ్యి రూపాయలు దాటదు. చేయాల్సింది గోడ మీద తెలుగులో రాయించండి:

మొదట కదపకుండా ఫోటో, పక్కన స్కేలుతో. రూపాయి బిళ్ళ పెట్టొద్దు. పాత బిళ్ళ 25 మిల్లీమీటర్లు, కొత్తది 22 కూడా లేదు, ఫోటోలో ఏదో తెలియదు. ఫోనులో లొకేషన్, నేల మట్టం నుంచి ఎంత లోతో, పొర రంగు. గ్లౌజు వేసుకునే తీయాలి. కడగొద్దు, తోమొద్దు, ఆసిడ్ పోయొద్దు, నెయిల్ పాలిష్ పూయొద్దు. తడిగా ఉంటే నీడలో కాగితం మధ్య మెల్లగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే లోపలి డెంటిన్ ముందు ముడుచుకుని పైన ఎనామిల్ పెచ్చులుగా లేచిపోతుంది. తడిదాన్ని ప్లాస్టిక్ కవరులో కడితే బూజు పడుతుంది. దూది చుట్టొద్దు, పోగులు పగుళ్ళలో ఇరుక్కుంటాయి. ఫాయిల్‌లో చుట్టి కాగితం కవరులో. పొరలోంచి తీసిందైతే పక్క మట్టి పావు కిలో వేరే కవరులో. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా చెమ్మకు చెదిరిపోతుంది.

10. క్వారీ గోడలోనో కాలువ గట్టులోనో పన్ను పొరలోనే కనిపిస్తే ఆ చోటు చుట్టూ రెండు మీటర్లు మాత్రమే ఆపాలి, 72 గంటలు మాత్రమే. మిగతా పని యథావిధిగా సాగాలి. ఆ రెండు మీటర్ల వల్ల ఎవరి కూలి పోయినా చెల్లించాలి. ఈ గడువులోగా మనిషి రాకపోతే పని మొదలుపెట్టుకోవచ్చని కూడా రాయండి. లేకపోతే ఎవరూ నోరు విప్పరు.

11. చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదని, లీజుకూ భూమికీ ఇబ్బంది రాదని రాతపూర్వకంగా ప్రకటించండి. సమాచారం గ్రామ సచివాలయంలో ఇస్తే చాలనండి. అక్కడి నుంచి పోలీసులకా, మ్యూజియానికా, నదికా అన్నది తేల్చడానికి ఒక దంతవైద్యుడు, ఒక భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, ఒక పురావస్తు ఉద్యోగి కలిసిన చిన్న బృందం సరిపోతుంది. మేం జీతం అడగం.

12. రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం ఉంది. అందులో ఒక అల్మరా, ఒక రిజిస్టరు కేటాయించండి. ప్రతి పన్నుకూ నంబరు, దొరికిన చోటు, తెచ్చినవారి పేరు (వారు ఒప్పుకుంటేనే). కోసి పరీక్షించేముందు మైక్రో సీటీ (సూక్ష్మమైన ఎక్స్‌రే స్కాన్) తీసి, అచ్చు పోసి ఉంచాలి. పరీక్షకు బయటికి పంపితే తిరిగి వచ్చే తేదీ రిజిస్టరులో పడాలి. వెళ్ళినవి తిరిగి రాకపోవడమే మాకు అన్నిటికంటే పెద్ద బెంగ.

13. స్ట్రాన్షియం పటం. పంటిలో వచ్చిన అంకెను పోల్చుకోవడానికి నేల అంకెలు కావాలి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు ప్రాజెక్టుగా చేయగలిగిన పనే. రాతి రకానికి ఐదారు చోట్ల లోతు వేళ్ళ చెట్ల ఆకులు, నత్తగుల్లలు, బావి నీళ్ళు సేకరించాలి. ఎరువులు వేసిన వరి చేలు, సున్నం చల్లే రొయ్యల చెరువుల గట్లు వదిలేయాలి. బయటి నుంచి తెచ్చిన ఎరువు, సున్నం స్థానిక అంకెను చెరిపేస్తాయి. డెల్టాలో శుభ్రమైన చోటు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. ఈ ఒక్క పనికి మాత్రం నిధులు కావాలి.

14. డెంటల్ కాలేజీల వారికి. క్లిప్పులు వేసేముందు తీసిన ప్లాస్టర్ అచ్చులు మీ గదుల్లో గుట్టలుగా ఉంటాయి, చివరికి చెత్తలోకి పోతాయి. పేషెంటు అనుమతితో, పేరు తీసేసి, తాతల ఊరు మాత్రం రాసి ఉంచండి. ముందు పళ్ళ వెనక పార ఆకారపు గుంట ఉందా, పై దవడ పన్నుకు లోపలివైపు అదనపు బొడిపె ఉందా అని అరిజోనా పద్ధతిలో మార్కులు వేస్తే చాలు. తూర్పు ఆసియా నుంచి అమెరికా ఖండాల దాకా జరిగిన వలసలను లెక్కగట్టడానికి ఈ గుర్తులే ఒక ఆధారం. గోదావరి జనానికి ఆ గుర్తులు ఎంత శాతమో తెలియకుండా పాత పన్ను చేతికొచ్చినా దేనితో పోలుస్తాం?

వీటిలో 9, 10, 11 కోరికలకు డబ్బుతో దాదాపు పని లేదు, సంతకం చాలు. వానాకాలం ఆపు ముగిసి ర్యాంపులు తిరిగి తెరుచుకునేలోగా సర్క్యులర్ ఇవ్వమని కోరుతున్నాం. కుదరకపోతే ఏ కారణం వల్ల కుదరదో, ఏ శాఖను అడగాలో రాతపూర్వకంగా తెలపండి. పెట్టె నమూనా, చీటీ నమూనా, గోడ మీద రాయాల్సిన మాటలు సిద్ధంగా ఉన్నాయి. పిలిచిన రోజు తెచ్చి చూపిస్తాం.

ఇట్లు,
గోదావరి జిల్లాల భూగర్భశాస్త్ర, పురావస్తుశాస్త్ర, దంతవైద్య అధ్యాపకులు కొందరు